గుఱ్ఱపుడెక్క: కాలువ యెవరిది?

దేశమునకు వచ్చెడి యుపద్రవము లన్నియు ఆయుధములు ధరించి రావు. కొన్ని పూలు పూయుచు వచ్చును. నేడు మన కాలువలను, చెఱువులను, డ్రెయినులను కప్పివేసిన గుఱ్ఱపుడెక్క యట్టిది. గిట్టను బోలిన నిగనిగలాడు ఆకు, గాలితో నుబ్బిన కాడ, నెమలికన్ను వంటి పసుపు చుక్క గల లేత యూదారంగు పూలగుత్తి - దీనిని తొలిసారి చూచినవాడు దీని యందమును మెచ్చుకొనక మానడు. ఆ యందమే దీనిని ఖండాంతరములకు మోసికొని పోయినది. మెచ్చి తెచ్చిన వారు గతించిరి. వారి వేడుకకు మూల్యమును నేడు శివారు రైతును, పల్లెకారును, మంచినీటి చెఱువుపై నాధారపడిన గ్రామమును చెల్లించుచున్నవారైరి.

ఈ మొక్కను గూర్చి మాటాడునపుడు మనవారు దీనిని తుపానువలె, అనావృష్టివలె దైవికమైన యాపదగా నెంచుట సామాన్యము. అది సరికాదు. ఇది మనుష్యుడు తెచ్చినది, మనుష్యుడు పోషించుచున్నది. నీరు కదలక నిలిచిన చోట, ఆ నీటిలో మురుగు చేరిన చోట, ఆ నీటిని నాదియని చూచుకొనువాడు లేనిచోట - ఈ మూడు దోషములును గూడిన తావుననే గుఱ్ఱపుడెక్క రాజ్యమేలును. మొక్కను పెఱికి దోషములను విడిచితిమేని, పెఱికిన కూలి నష్టమే గాని ఫలము లేదు. ప్రపంచానుభవమును, అందును విశేషించి బంగాళ దేశానుభవమును పరిశీలించిన వారికి ఈ సంగతి స్పష్టము కాకపోదు.

పుట్టుక, వ్యాప్తి

దీని జన్మస్థానము దక్షిణ అమెరికాయందలి అమెజాను నదీప్రాంతము. అచ్చట ఏటేట వచ్చు వరదలు దీనిని కొట్టుకొనిపోవుచుండెను. దీనినే తిని బ్రదుకు పురుగులు దీనిని హద్దులో నుంచుచుండెను. జర్మను వృక్షశాస్త్రవేత్తయగు మార్షియస్ 1823లో దీనికి శాస్త్రనామ మొసగెను. పిమ్మట ప్రష్యా రాజ్యమునందలి యొక మంత్రి గౌరవార్థ మేర్పడిన 'ఐకోర్నియా' యను పేరు దీనికి చిరకాలము చెల్లెను. ఇటీవలి శాస్త్రజ్ఞులు మార్షియస్ ఉంచిన 'పాంటెడీరియా' యను పూర్వనామమునే మఱల స్వీకరించిరి.

1884లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ ఆర్లియన్సు నగరమున జరిగిన పత్తి ప్రదర్శనమునందు ఈ మొక్కలు వచ్చినవారికి దొరకెననియు, వారు వీనిని తమ తోటలలోని కొలనులయందు వైచికొనిరనియు ప్రసిద్ధముగా చెప్పుదురు. పదునైదేండ్లు తిరుగకమునుపే ఫ్లోరిడాయందలి సెయింట్ జాన్సు నదిలో స్టీమర్లు నడుచుట కష్టమయ్యెను. 1899లో అమెరికా కాంగ్రెసు నౌకామార్గములలోని యీ కలుపును తొలగించు పనిని తన సైన్యపు ఇంజనీర్లకు అప్పగింపవలసి వచ్చెను. 1910లో లూసియానా ప్రతినిధి బ్రూసర్డు మఱియొక యుపాయమును సూచించెను: ఆఫ్రికానుండి నీటిగుఱ్ఱములను తెప్పించి నదులలో విడిచినచో అవి యీ మొక్కను మేయును, వాని మాంసము ప్రజలకు ఆహారమగునట! గుఱ్ఱపుడెక్కకు నీటిగుఱ్ఱము మందన్నమాట. ఆ బిల్లు శాసనము కాకపోవుట ఆ దేశపు భాగ్యము. ఒక విదేశజీవి తెచ్చిన కీడును మఱియొక విదేశజీవిచే మాన్పుకొన దలచినవాడు ఎంత పరీక్ష చేయవలయునో యీ కథ చెప్పుచున్నది.

ఇంత వేగముగా నేల వ్యాపించుననిన, ఈ మొక్కకు విత్తనముతో పనిలేదు. ప్రక్కకు తీగ సాచి, దాని కొనయందు పిల్లమొక్కను పెట్టును. ఆ పిల్ల తానొక తల్లియగును. వెచ్చదనమును, ఎరువును గల నీటియందు ఒకటి రెండు వారములలో దీని విస్తీర్ణము రెట్టింపగును. పదునైదు దినముల కొకసారి రెట్టించునని లెక్కవేసినను, ఒక్క మొక్క అయిదు నెలలలో 1,024 మొక్కలును, పది నెలలలో 10,48,576 మొక్కలును కావలసి యుండును. చదరంగపు గళ్ళలో ధాన్యపుగింజల కథ నెఱిగిన మనకు ఈ గణితము క్రొత్తది కాదు. అయినను ఆచరణయందు దీనిని మఱచుచున్నాము. చెఱువులో పదునాఱవ వంతు మాత్రమే కప్పియున్నప్పుడు చూచి 'ఇంకను చాల నీరున్నది' యని యూరకుందుము. నాలుగుసారులు రెట్టించినచో, అనగా రెండు నెలలకే, చెఱువంతయు మూసికొనిపోవును. సగము కప్పిన దినమున మేలుకొన్నవానికి మిగిలిన గడువు రెండు వారములు మాత్రమే.

విత్తనము అవసరము లేకున్నను అదియు లేకపోలేదు. పువ్వు వాడిన పిమ్మట కాడ వంగి విత్తనములను నీటిలో విడుచును. అవి అడుగు బురదలో పదునైదు, ఇరువది యేండ్లు కూడ మొలకశక్తి కోల్పోకుండ నుండగలవు. ఎండకు చెఱువు ఎండినది, కలుపు చచ్చినదని సంతసించినవాడు మఱుసటి వానకాలమున ఆశ్చర్యపడుటకు కారణమిదియే.

బంగాళము నేర్చిన పాఠము

ఈ మొక్క బంగాళమునకు 19వ శతాబ్ది చివరి దశలో వచ్చెను. తెచ్చిన దెవరను విషయమున పలు కథలు గలవు. నారాయణగంజిలోని జనపనార వర్తకుడొకడు దీని పూలకు మురిసి తెచ్చెనని కొందఱందురు. సస్యోద్యానముల ద్వారా వచ్చెనని మఱికొంద ఱందురు. ఎట్లు వచ్చినను 1910 తరువాతి దశాబ్దిలో తూర్పు బంగాళమునందలి ఏఱులు, బిలములు, ఖాళులు దీనిచే నిండిపోయెను. వారు దీనిని కొచూరీపానా యనిరి. ప్రథమ ప్రపంచ సంగ్రామకాలమున జనము దీనికి 'జర్మనుపానా' యని పేరుపెట్టెను. శత్రువు పేరును కలుపుమొక్కకు పెట్టిరనిన ప్రజలు దానిని ఎంత ద్వేషించిరో ఊహింపవచ్చును.

తూర్పు బంగాళమున పడవయే బండి, ఏఱే రహదారి. దారి మూసికొనిపోవుటతో సంతకు సరకు పోదు, రోగికి వైద్యుడు రాడు, బడికి పిల్లవాడు పోలేడు. అంతియే కాదు. అచ్చట లోతునీటిలో పెరుగు వరిపైరు గలదు. వరద వచ్చినపుడు ఈ మొక్కల తెప్పలు గాలికి, ప్రవాహమునకు కదలి, చేలలో జొచ్చి, పైరును నలిపివేయును. పంట చేతికి వచ్చు సమయమున రైతు వెదుళ్ళతో కంచెలు కట్టుకొని చేనిని కాచుకొనవలసి వచ్చెను. దొంగలనుండియు, పశువులనుండియు చేనిని కాచుట అందఱికి తెలియును; కలుపునుండి కాచుట బంగాళీ రైతునకు క్రొత్త శిక్ష.

1921లో బంగాళ ప్రభుత్వము ఈ విషయమును విచారించుటకు ఒక సంఘమును నియమించి, ఆచార్య జగదీశచంద్ర బోసును దాని కధ్యక్షునిగా చేసెను. వృక్షముల ప్రాణచలనమును లోకమునకు చూపిన మహనీయుని ఒక కలుపు మొక్కపై విచారణకు పిలువవలసి వచ్చెననిన ఆపద యెంత పెద్దదో తెలియుచున్నది. సంగ్రామకాలమునందు ఈ మొక్క బూడిదనుండి పొటాషు తీయవచ్చునను ప్రయత్నములును జరిగెను. కొందఱు మందులు చల్లుమనిరి. కొందఱు కూలీలచే తీయింపుమనిరి. ఏండ్లు గడచెను, పానా తగ్గలేదు.

తుదకు 1936లో బంగాళ శాసనసభ గుఱ్ఱపుడెక్క నిర్మూలనమున కొక చట్టమునే చేసెను. దాని ప్రకారము తన యనుభవములో నున్న నేలయందును, నీటియందును ఈ మొక్కను ఉండనిచ్చుట నేరమయ్యెను. తీసివేయు బాధ్యత అనుభవదారునిపై పడెను. 1937 ఎన్నికలలో రాజకీయ పక్షములు ఈ కలుపును తొలగింతుమని వాగ్దానములు చేసెను. ఫజులుల్ హక్ గారి మంత్రివర్గము 1939లో 'గుఱ్ఱపుడెక్క వారము' జరిపెను. అధికారులు, విద్యార్థులు, గ్రామస్థులు ఒక్కసారిగా నీటిలో దిగిరి. అప్పటినుండి తూర్పు బంగాళమున దీని బాధ కొంత తగ్గుముఖము పట్టెనని చరిత్రకారులు చెప్పుచున్నారు.

ఈ వృత్తాంతమునుండి గ్రహింపవలసిన సంగతులు రెండు. మొదటిది: నీటిమొక్కకు సరిహద్దురాయి తెలియదు. ఒక రైతు సోమవారము తన గట్టు ప్రక్కను శుభ్రము చేసికొనినచో, ఎగువనున్న సర్కారు కాలువనుండి మంగళవారమే మఱల వచ్చి నిండును. అట్టి రైతును నేరస్థునిగా నెంచుట అన్యాయము, నిష్ఫలము. కావుననే వ్యక్తిపై మోపిన చట్టముకంటె అందఱు ఒకే వారమున చేసిన పని యెక్కువ మేలు చేసెను. కలుపు సమష్టిది, దానిని తీయు పనియు సమష్టిదే.

రెండవది ఇంకను లోతైనది. బంగాళమునందలి నీరు ఏల నిలిచిపోయెను? 1925లో డాక్టరు బెంట్లీ, 1930లో ఇంజనీరు విల్‌కాక్సు బంగాళపు చలిజ్వరమును, నీటిపాఱుదలను గూర్చి వ్రాయుచు, వరదనీటి సహజ సంచారమును కట్టలు అడ్డుటవలన కీడు కలిగెనని విశదీకరించిరి. చాలినన్ని వంతెనలు, తూములు లేక నిర్మింపబడిన రైలుకట్టల ప్రక్కల నీరు మడుగులు కట్టెను. నిలిచిన మడుగు దోమకు ఎట్లో, ఈ మొక్కకును అట్లే పుట్టినిల్లు. ఇటీవలి చరిత్రకారులు ఈ సంబంధమును స్పష్టముగా చూపిరి. రెండు బండ్లలో సరకు సాగించుటకు కట్టిన దారి, వేయి పడవల దారిని మూసెను. నాటి పరిపాలకులు కట్టను మార్చలేదు. కలుపు తీయని రైతుపై చట్టము చేసిరి.

మన డెల్టాల దురవస్థ

ఈ పాఠము మనకేల యందురేమో. మన గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలును, డ్రెయినులును నేడు ఆ తోవనే నడచుచున్నవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికిని, విజయవాడ ఆనకట్ట 1855 నాటికిని ముగిసెను. కాటను దొర కాలువలను త్రవ్వించినపుడు పొలమునకు నీరు, పడవకు దారి - ఈ రెండును ఉద్దేశించెను. కాకినాడనుండి ఏలూరు కాలువమీదుగా విజయవాడకును, అచ్చటనుండి కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువలమీదుగా చెన్నపట్టణమునకును ధాన్యపు పడవలు నడచిన దినములు మన తాతల జ్ఞాపకములోనివి. 2008లో భారత ప్రభుత్వము ఈ మార్గమునే నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. కాగితముమీద అది జాతీయ మార్గము; పెక్కు తావులయందు కంటికి కనబడునది పచ్చని గుఱ్ఱపుడెక్క తివాసి.

పడవల మాట యటుండనిండు. పంటకాలువలో ఈ మొక్క చేసెడి మొదటి కీడు ప్రవాహవేగమును హరించుట. నీటిలో వ్రేలాడు వేళ్ళ కుచ్చులు ఒండ్రును పట్టి ఆపును. కాలువ మేట వేయును. వంతెన కానాలయందు, లాకుల యొద్ద, తూముల ముఖమున తెప్పలు ఒత్తుకొని అడ్డుకట్టలగును. హెడ్డు రెగ్యులేటరు వద్ద విడిచిన నీరు లెక్కప్రకారమున్నను, శివారునకు చేరునది వేఱు. ఎగువ రైతు గట్టు పొరలి నీరు పోవుచున్నదని మొఱపెట్టును. దిగువ రైతు నారుమడి యెండుచున్నదని మొఱపెట్టును. ఇద్దఱి మొఱయు నిజమే. ఇద్దఱికి నడుమ నున్నది కలుపు. ఎగువవానికిని దిగువవానికిని కలుగు కలహములలో ఎన్నింటికో మూలము నీటికొఱత కాదు. కాలువలో నీటికి దారి లేకపోవుట.

మురుగుకాలువలయందు కీడు ఇంకను ప్రమాదకరము. డెల్టా భూమి సముద్రమట్టమునకు స్వల్పమైన యెత్తున నున్నది, వాలు తక్కువ, మురుగు సహజముగనే మెల్లగా పోవును. తుపానువాన కురిసి, చేలలో సార్వా పైరు మునిగినపుడు ఆ నీరు రెండు మూడు దినములలో దిగినచో పైరు బ్రదుకును. వారము నిలిచినచో కుళ్ళును. ఈ రెండింటికిని గల యంతరము డ్రెయినులో తెప్ప యుండుటయా, లేకుండుటయా యనుదానిపై నాధారపడును. వేసవిలో డ్రెయినును శుభ్రపఱచుటకు కొన్ని వేల రూపాయలకు వెనుదీసి, కార్తికమాసమున కొన్ని వందల యెకరముల పంటను గోలుపోవుట ఏపాటి పొదుపో భూస్వాములు లెక్కవేసికొందురు గాక.

నీటిలోపలి జీవులకును ఇది మృత్యువే. మూసికొన్న నీటికి వెలుతురు చొరదు. వెలుతురు లేనిచో నీటిలోని సూక్ష్మమైన నాచు పెరుగదు. ఆకులు రాలి క్రుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును. చేపలు చచ్చును, లేదా పాఱిపోవును. పల్లెకారుని వల తెప్పలలో చిక్కి చిరుగును. మాన్సోనియా యను జాతి దోమల పిల్లలు గాలికై నీటి పైకి రావు. నీటిమొక్కల వేళ్ళకు గుచ్చుకొని వానిలోని గాలినే పీల్చుకొనును. కేరళ తీరమున బోదకాలు వ్యాధిలో నొక రకమును వ్యాపింపజేసిన దీ దోమయే. అన్నిటికంటె ముఖ్యముగా, డెల్టా గ్రామములు పెక్కింట వేసవి మంచినీటి చెఱువులను ఈ కాలువలనుండియే నింపుకొనుచున్నారు. మొక్కల క్రుళ్ళు కలిసిన నీరే బిందెలోనికి వచ్చును.

దీనిని పోషించుచున్న దెవరు?

ఈ మొక్క గాలిని తిని బ్రదుకుట లేదు. దీనికి కావలసినవి నత్రజని, భాస్వరము. వీనిని కాలువలోనికి పంపుచున్నవారు మనమే. పట్టణవాసి తన యింటి మురుగును కాలువలోనికి విడుచును. విజయవాడ నగరము నడుమ బందరు, ఏలూరు, రైవసు కాలువలు పోవుచున్నవి. ఆ నగరవాసి విడిచిన మురుగు దిగువ గ్రామవాసికి త్రాగునీటితో కలిసి చేరును. పొలము యజమాని యూరియాను, భాస్వరపు టెరువును పైరునకు చాలినదానికంటె మిక్కిలిగా వేయును. మిగిలినది మురుగుతోపాటు డ్రెయినులోనికి జారును. చేపల, రొయ్యల చెఱువులవారు మేతకసవుతో నిండిన నీటిని విడుచుదురు. ఈ ముగ్గురును తరువాత ఒకచోట చేరి, ప్రభుత్వము గుఱ్ఱపుడెక్కను తీయుట లేదని నిందింతురు.

రెండు డెల్టాల నడుమనున్న కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏఱులు తెచ్చు నీటిని పుచ్చుకొని, వరదవేగమును మ్రింగి, ఉప్పుటేటిద్వారా మెల్లగా సముద్రమున కప్పగించు ప్రకృతిసిద్ధమైన జలాశయ మది. 1999లో అది అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సార్ చిత్తడినేలల పట్టికలో చేరెను. 2006లో ప్రభుత్వము సరస్సులోని చేపల చెఱువుల గట్లను పెక్కింటిని కొట్టివేయించెను. అయినను పట్టణముల మురుగు, పొలముల ఎరువు, చెఱువుల నీరు చేరుచుండగా, నీటిదారులను గట్లు అడ్డుచుండగా గుఱ్ఱపుడెక్క యేల పోవును? బంగాళమునందు రైలుకట్ట చేసిన పనిని ఇచ్చట చేపలచెఱువు గట్టు చేసినది.

హైదరాబాదునందును ఇదే కథ. మూసీనదియు, ఆ నగరపు చెఱువులలో పెక్కును నేడు ఈ మొక్క మేలుముసుగు క్రింద నున్నవి. కుతుబ్‌షాహీల నాటినుండి చెఱువులచే ప్రసిద్ధికెక్కిన నగర మది. నాడు వాననీటికై త్రవ్విన తావులు నేడు మురుగునకు పాత్రములైనవి. ముసుగును తీయించుటకు ఏటేట ధనము వ్యయమగుచున్నది. ముసుగు క్రింది ముఖమును కడుగు పని మెల్లగా సాగుచున్నది. ఆకు పచ్చగా, కాడ లావుగా, మొక్క మోకాలియెత్తు పెరిగినదనిన ఆ నీటిలో మురుగు విశేషముగా నున్నదని గుర్తు. ఈ విధముగా చూచినచో గుఱ్ఱపుడెక్క మన పాపమునకు సాక్షి.

సాధ్యమైన ఉపాయములు

మందు చల్లి చంపవచ్చునందురు. చచ్చును, కాని చచ్చిన రాశి అడుగునకు దిగి క్రుళ్ళి నీటిని విషతుల్యము చేయును. త్రాగునీటి కాలువలో మందు చల్లుట వివేకవంతుని పని కాదు. యంత్రములతో తీయుట మంచిదే. కాని పచ్చిమొక్క బరువులో పదింట తొమ్మిది వంతులు నీరే యగుటచే, మోయు ఖర్చులో నెక్కువ భాగము నీటిని మోయుటకే పోవును. తీసినదానిని నీటి యంచుననే కుప్పవేసినచో మొదటి వానకు మఱల కాలువలో దిగును. తీసినదానిని గట్టుకు దూరముగా చేర్చి, ఎండనిచ్చి, పేడతో కలిపి ఎరువుచేయుట ఉత్తమము. బంగ్లాదేశమునందలి పిరోజుపూరు, గోపాలగంజి, బారిసాలు ప్రాంతముల రైతులు ఈ మొక్కలనే తెప్పలుగా పేర్చి, వానిపై నారు, కూరగాయలు పండించుచున్నారు. ఆ పద్ధతికి 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపు నొసగెను. ఇది ప్రశంసనీయమైన యుపాయము. కాని యుపయోగమున్నదని చెప్పి మొక్కను పెంచుకొనరాదు. అప్పులవానికి వడ్డీ కట్టుటలో నేర్పున్నదని అప్పు లాభమగునా?

జీవశాస్త్రము చూపిన యుపాయ మొకటి గలదు. ఈ మొక్క జన్మభూమియందే పుట్టి, దీనిని దక్క వేఱుదానిని ఆశ్రయించి బ్రదుకజాలని నియోకెటీనా యను రెండు జాతుల ముక్కుపురుగులను దీర్ఘపరీక్షల పిమ్మట దేశదేశములలో విడిచిరి. పెద్దపురుగు ఆకును గీకి తినును. పిల్లపురుగు కాడలో సొరంగము త్రవ్వును. మన దేశమున 1980 తరువాతి దశాబ్దిలో బెంగుళూరు చెఱువులయందు వీనిని విడువగా కొన్ని యేండ్లలో మంచి ఫలితము కనబడెను. ఆఫ్రికాయందలి విక్టోరియా సరస్సులో 1995 మొదలు వీనిని విడిచిరి; 1998 నాటికి వేలకొలది హెక్టారులను కప్పియున్న మొక్క ఆ పిమ్మట విశేషముగా తగ్గెను. అయినను సరస్సులోనికి మురుగు, ఎరువు వచ్చుట ఆగనందున తరువాతి యేండ్లలో మఱల తలయెత్తెను. ఈ పురుగులు నిలుకడగల చెఱువులయందు మెల్లగా, ఏండ్లమీద పనిచేయునవి. ఏటేట తీసి శుభ్రముచేయు పాఱుకాలువలో వానికి నిలువనీడ లేదు. కావున చెఱువులకు పురుగు, కాలువలకు మనుష్యశ్రమయు యంత్రమును, అన్నిటికిని మురుగు నిరోధము - ఇది క్రమము.

ఈ క్రమమును నడుపువా రెవరు? ప్రాచీనకాలమున చెఱువుల, కాలువల మరామతును గ్రామస్థులు కూడి చేసికొను కుడిమరామతు ఆచారము దక్షిణదేశమున నుండెను. కంపెనీ దొరతనము కడపటి దినములలో, 1858లో, చెన్నపట్టణ రాజధానియందు దానిని నిర్బంధశ్రమగా మార్చు చట్టము వచ్చెను. కర్తవ్యము వెట్టి యయ్యెను. ఆచారమునందును లోపము లేకపోలేదు: లాభములో పెద్దపాలు నేలగల ఆసామికి, శ్రమలో పెద్దపాలు నేలలేని పాలేరునకు వచ్చుచుండెను. ఆ దోషమును మఱల తెచ్చుకొనరాదు. 1997లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల యాజమాన్యమున నీటివినియోగదారుల సంఘములను స్థాపించు చట్టము చేసెను. పదివేలకు పైగా సంఘములు ఏర్పడెను. మార్గము మంచిది. కాని పంటకాలువ ఒకరిది, డ్రెయిను ఇంకొకరిది, పట్టణపు మురుగు వేఱొకరిదియై యుండగా తెప్ప మాత్రము ముగ్గురి హద్దులను నిరాటంకముగా దాటిపోవుచున్నది.

కావున మేము కోరునది స్వల్పమే. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో, ఎగువనుండి దిగువకు వరుసగా, పంటకాలువను డ్రెయినును కలిపి, ఒకే కాలమున శుభ్రము చేయవలయును. ముక్కలు ముక్కలుగా చేయరాదు. కూలికి వచ్చినవారికి పూర్తికూలి ఇయ్యవలయును; భూస్వామి తన యెకరముల ననుసరించి పాలు పెట్టవలయును. వానలు పడిన పిమ్మట పదునైదు దినముల కొకసారి సంఘమువారు కాలువవెంట నడచి, కనబడిన మొక్కను చిన్ననాడే తీయింపవలయును. ఎంత వ్యయమైనది, ఏ మైలునుండి ఏ మైలువఱకు తీసినది గ్రామ చావడిలో వ్రాసి యుంచవలయును. పురపాలకసంఘము శుద్ధిచేయని మురుగు నొక్క చుక్కయు కాలువలో విడువరాదు. విడిచినచో పట్టణపు పెద్దలు తమ సంఘమునే నిలదీయవలయును.

కాలువ యెవరిదని యడిగినచో ఎగువవాడు సర్కారుదనును, సర్కారు సంఘముదనును, సంఘము పట్టణమును చూపును. ఎవరిదియు కాని నీరు గుఱ్ఱపుడెక్కది యగును. ఒక వేసవి శ్రద్ధకు లొంగి, ఒక వానకాలపు అశ్రద్ధకు తిరిగి లేచు శత్రు విది. కాబట్టి దీనిపై విజయము ఒకనాటి యుత్సవముగా రాదు, ఏటేట చెల్లింపవలసిన శిస్తువంటిది. ఆ శిస్తును మనము కట్టనినాడు మన శివారు రైతు తన పంటతో కట్టుచున్నాడు. ఈ వేసవిలో కాలువలు కట్టివేయు దినము సమీపించుచున్నప్పుడైనను మన భూస్వాములు, పట్టణపు పెద్దలు ఒకచోట కూర్చుండి ఎవరిపాలెంతో నిర్ణయించుకొందురు గాక.